చావని కణాల వృద్ధాప్యం
(స్మారకోపన్యాస పాఠం)



జంతుశాస్త్రం నేర్పిన ఏ మాస్టారి స్మృతికి ఈ ఉపన్యాసమో, ఆయన గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు ఈ కళాశాలలో జరుగుతున్న ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ఒక్క సంగతి తలుచుకుని అసలు విషయంలోకి వెళతాను. జంతుశాస్త్రమంటే ఫార్మలిన్ సీసాల్లోని కళేబరాలకు పేర్లు అప్పజెప్పడమే అనుకునే రోజుల్లో, ఆయన చెరువు నీటిచుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, కదిలేదాన్ని ముందు చూడమనేవారు. ప్రాణిని ప్రాణంతో ఉండగానే చూడాలన్నది ఆయన పట్టుదల. నేను చెప్పబోయే పరిశోధనలన్నీ అలాంటి పట్టుదలతో జరిగినవే. నాడీకణాలకు వయసు మీద పడటమంటే ఏమిటి, ఆ సంగతి ఒక పురుగులోనూ ఒక ఈగలోనూ శాస్త్రవేత్తలు ఎలా చూడగలిగారు అన్నది ఈ సాయంత్రం విషయం.

మన ఇళ్లలో తరచూ వినబడే మాట ఒకటుంది: పెద్దవాళ్లయ్యారు, మతిమరుపు మామూలేగా అని. ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. వయసు మీదపడేకొద్దీ మెదడులో కణాలు రోజూ వేలకు వేలు రాలిపోతుంటాయని, పోయినవి తిరిగి రావని, కాబట్టి చేసేదేమీ లేదని. చదువుకున్నవాళ్లలో ఈ నమ్మకం మరీ గట్టిగా ఉంటుంది, ఎందుకంటే ఒకప్పుడు పాఠ్యపుస్తకాలే అలా చెప్పేవి. 1955లో అమెరికాలో హెరాల్డ్ బ్రోడీ మనిషి మెదడు పైపొరల్లో కణాలను లెక్కపెట్టి, వయసుతో అవి బాగా తగ్గిపోతాయని రాశారు. భద్రపరిచిన కణజాలం ముడుచుకుపోవడం వల్ల అలాంటి లెక్కలు తప్పే వీలుందని తర్వాతివాళ్లు గుర్తించారు, పద్ధతులు మార్చారు. 1997లో డెన్మార్క్‌లో పాకెన్‌బర్గ్, గుండర్సన్ కొత్త పద్ధతిలో లెక్కవేస్తే, ఇరవయ్యో ఏటికీ తొంభయ్యో ఏటికీ మధ్య ఆ పైపొరల్లో, అంటే కార్టెక్స్‌లో, తగ్గిన కణాలు దాదాపు 10 శాతమని తేలింది. అంతకు మూడేళ్ల ముందు, 1994లో, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్‌ను అలాగే పరిశీలించారు. అక్కడ ఆల్జైమర్స్ రోగుల్లో బాగా నష్టపోయిన ఒక ప్రాంతం, రోగం లేని ముసలివాళ్లలో దాదాపు చెక్కుచెదరకుండా ఉంది.

దీన్నిబట్టి రోగం వేరు, వయసు వేరు. మామూలుగా ముసలివాళ్లయ్యేవారి మెదడులో నాడీకణాలు చాలావరకు బతికే ఉంటాయి. మరి బతికున్న కణాలు తమ పని ఎందుకు సరిగా చేయలేకపోతున్నాయి? నా ఉపన్యాసమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే.

మనిషిలో ఈ ప్రశ్నకు జవాబు వెతకడం కష్టం. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అందులో ఒక కణాన్ని పట్టుకుని దాని పుట్టుక నుంచి ఎనభై ఏళ్లపాటు గమనించడం ఎవరివల్లా కాదు. చనిపోయినవారి మెదడులో మనకు దొరికేది చివరి రోజు స్థితి మాత్రమే. ఆ స్థితికి ముందు ఏం జరిగింది, ఏది మొదట చెడింది, దేనివల్ల ఏది చెడింది అన్న వరుస అందులో కనబడదు. ఆ వరుస తెలియాలంటే, మన కళ్లముందే పుట్టి, పెరిగి, ముసలిదై పోయే ప్రాణి కావాలి. దాని శరీరంలోని ఒక్కో నాడీకణం పేరుపేరునా మనకు తెలిసి ఉండాలి.

అలాంటి ప్రాణిని వెతికి పట్టుకున్నవాడు సిడ్నీ బ్రెన్నర్. దక్షిణాఫ్రికాలో పుట్టి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో పనిచేసేవాడు. జన్యుసంకేతం గుట్టు విడిపోతున్న రోజుల్లో, 1963లో, ఆయన తన ప్రయోగశాల పెద్ద మాక్స్ పెరూట్జ్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఇకమీదట శరీరం ఎదిగే తీరు మీద, నాడీమండలం మీద పనిచేయాలని, అందుకు వీలైనంత సరళమైన జంతువు కావాలని ఆ ఉత్తరం సారాంశం. ఎంచుకున్నది సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే పురుగు. పొడవు ఒక మిల్లీమీటరు. కుళ్లే ఆకుల్లోనూ కుళ్లే పండ్లలోనూ బతుకుతుంది, బ్యాక్టీరియాను తింటుంది. మన పల్లెల్లో పిల్లల కడుపుల్లో ఉండే ఏలికపాము, గోదావరి, విశాఖ జిల్లాల్లో బోదకాలు తెచ్చిన పురుగు, ఒకప్పుడు దిగుడుబావుల నీళ్ల నుంచి నారికురుపు తెచ్చిన పురుగు, ఇవన్నీ ఇదే వంశానివి. బంధువులు అన్ని బాధలు పెట్టినా, ఈ ఎలిగాన్స్ మాత్రం ఎవరికీ హాని చేయదు.

ఇది గాజులా పారదర్శకంగా ఉంటుంది, కాబట్టి కోయకుండానే లోపలి కణాలు కనబడతాయి. 20 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి పెద్దపురుగు కావడానికి మూడు రోజులు, ఆ తర్వాత బతికేది రెండు మూడు వారాలు. ఎక్కువ పురుగులు ఆడా మగా రెండూ తామే అయి గుడ్లు పెడతాయి గనుక ఒక తల్లి పిల్లలన్నీ జన్యువుల్లో ఒకే అచ్చులో ఉంటాయి. ఇంకో సంగతి నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. పెద్దదైన పురుగు దేహంలో, బీజకణాలను పక్కన పెడితే, ఏ కణమూ మళ్లీ విభజన చెందదు. ఉన్న 959 కణాలతోనే, అందులోని 302 నాడీకణాలతోనే చివరిదాకా నెట్టుకురావాలి. మన మెదడు పరిస్థితి కూడా చాలావరకు ఇంతే. కాబట్టి ముసలితనం విషయంలో ఈ పురుగుకూ మనకూ పోలిక పైపైది కాదు.

ఆ 302 కణాలను గుర్తుపట్టడానికి పట్టిన శ్రమ గురించి విద్యార్థులు తెలుసుకోవాలి. బ్రెన్నర్ ప్రయోగశాలలో జాన్ సల్‌స్టన్ ఒక్కో కణం ఏ తల్లి కణం నుంచి పుట్టిందో, గంటల తరబడి సూక్ష్మదర్శిని ముందు కూర్చుని చూస్తూ వంశవృక్షం గీశాడు. జాన్ వైట్ బృందం పురుగును అతి పలుచని పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఫోటోలు తీసి, ఒక్కో నాడీతంతువును ఒక ఫోటో నుంచి తర్వాతి ఫోటోకు కంటితో వెంబడించింది. 1986లో అచ్చయిన వాళ్ల పత్రం 340 పేజీలు. ఒక జంతువు నాడీమండలంలో ఏ కణం ఏ కణానికి కలిసి ఉందో మొత్తంగా గీసిన మొట్టమొదటి పటం అదే. బ్రెన్నర్, సల్‌స్టన్, వాళ్లతో కలిసి పనిచేసిన రాబర్ట్ హార్విట్జ్‌లకు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పలేని పనికి అన్నేళ్లు జీతాలిచ్చి నిలబెట్టిన ఆ కేంబ్రిడ్జ్ ప్రయోగశాలను కూడా నేను ఈ సందర్భంలో మెచ్చుకోకుండా ఉండలేను.

పటం చేతికొచ్చింది గానీ, బతికున్న పురుగులో ఒక నాడీకణాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి చూడటం అప్పటికీ కష్టమే. ఆ అడ్డంకి 1994లో తొలగింది. మార్టిన్ చాల్‌ఫీ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక జెల్లీచేప ప్రోటీన్‌ను ఈ పురుగు నాడీకణాల్లో తయారయ్యేలా చేశాడు. నీలికాంతి పడగానే ఆ కణాలు పచ్చగా వెలిగాయి. ఆయన ఎంచుకున్నవి స్పర్శ కణాలు. పురుగు ఒళ్లంతటికీ సుతిమెత్తని స్పర్శను తెలిపేవి ఆరే ఆరు కణాలు. వాటి తంతువులు చర్మం కిందనే తిన్నగా, దారం లాగినట్టు పోతాయి. స్పర్శను పరీక్షించే పనిముట్టు ఎంత చిన్నదో చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు: పుల్ల కొసకు అంటించిన ఒక కనుబొమ వెంట్రుక. తల వైపు దానితో మెల్లగా రాస్తే పురుగు వెనక్కి జరుగుతుంది, తోక వైపు రాస్తే ముందుకు పోతుంది. వయసు పెరిగేకొద్దీ ఎన్నిసార్లు రాస్తే ఎన్నిసార్లు స్పందించిందో రాసుకుంటూ పోవచ్చు. అటు కణం రూపం, ఇటు దాని పని, రెండూ ఒకే పురుగులో రోజూ చూడగలిగే వీలు అప్పుడు కలిగింది.

ఇక అసలు కథ. 2002లో మోనికా డ్రిస్కాల్ బృందం ముసలి పురుగుల శరీరాన్ని భాగం భాగంగా పరిశీలించి 'నేచర్' పత్రికలో ప్రచురించింది. కండరాలు ముసలి మనుషుల్లో లాగే క్షీణించాయి, పేగు పాడైంది. నాడీకణాలు మాత్రం చివరిదాకా నిక్షేపంగా ఉన్నట్టు కనబడ్డాయి. ఒకే జన్యువులు, ఒకే తిండి, ఒకే పళ్లెంలో పెరిగిన తోబుట్టువులైనా, ఒకే వయసులో ఒకటి చురుగ్గా పాకుతుంటే ఇంకొకటి కదలలేని స్థితిలో పడి ఉంది. ముసలితనంలో జన్యువుల వాటా, పెంపకం వాటా పోను, కేవలం యాదృచ్ఛికతకు కూడా పెద్ద వాటా ఉందని అంత స్పష్టంగా చూపించిన పని నాకు ఇంకొకటి తెలియదు. తమ ఇంట్లో ఒకరికి మతి పోయి, వాళ్ల తోబుట్టువుకు పోకపోతే, ఏ తప్పు చేశామని బాధపడే కుటుంబాలున్నాయి. ఆ బాధకు అన్నిసార్లూ ఆధారం ఉండదని ఈ ప్రయోగం చెబుతోంది.

నాడీకణాలు నిక్షేపంగా ఉన్నాయన్న మాట దాదాపు పదేళ్లు నిలిచింది. ఆ తర్వాత స్పర్శ కణాలను ఇంకాస్త దగ్గరగా, రోజు తర్వాత రోజు చూడటం మొదలుపెట్టారు. 2011, 2012 సంవత్సరాల్లో మూడు వేర్వేరు ప్రయోగశాలలు దాదాపు ఒకే మాట చెప్పాయి. ముసలి పురుగులో స్పర్శ కణాలు చావడం లేదు. కానీ తిన్నగా ఉండాల్సిన తంతువు మీద ఎక్కడపడితే అక్కడ కొత్త కొమ్మలు మొలుస్తున్నాయి. కొన్నిచోట్ల అలలు తిరిగినట్టు, కొన్నిచోట్ల బుడిపెలు కట్టినట్టు అవుతోంది. కణదేహం నుంచి కూడా కొత్త తంతువులు బయటికొస్తున్నాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే, ఒక కణం ఇంకో కణంతో మాట్లాడే సంధుల్లో, అంటే సినాప్స్‌లలో, సంకేత రసాయనాన్ని నింపుకున్న సంచులు తగ్గిపోయాయి. స్పర్శను గ్రహించే శక్తిని జన్యులోపం వల్ల పోగొట్టుకున్న కణాల్లో ఈ మార్పులు ముందుగానే వచ్చాయి. పని లేకపోవడం కూడా కణానికి ఒక హాని అన్నమాట.

ముసలితనమంటే తరుగుదలే అనుకునే మనకు ఈ కొమ్మలు మొలవడం వింతగా ఉంటుంది. నాడీకణం పెరగాల్సిన సమయంలో పెరిగి, ఆ తర్వాత ఉన్న ఆకారాన్ని నిలుపుకోవడానికి నిత్యం శ్రమపడుతుంది. అలా నిలుపుకోవడమే కణానికి జీవితాంతం చేయాల్సిన పని. ఆ పట్టు సడలిన చోట పెరుగుదల మళ్లీ అదుపు లేకుండా మొదలవుతుంది. ఈ పనిని ఎవరు చేయిస్తారు, ఎప్పుడు సడలిస్తారు అన్నదే ఇప్పుడు చాలా ప్రయోగశాలలు అడుగుతున్న ప్రశ్న.

రూపం సరే, పని సంగతి? 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో షాన్ షూ బృందం ముసలవుతున్న పురుగు నాడీకణాల్లోనూ కండరాల్లోనూ విద్యుత్ సంకేతాలను నేరుగా కొలిచింది. పాకడం తగ్గిపోతే తప్పు కండరాలదే అని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. తీరా కొలిస్తే, కండరం ఇంకా దిట్టంగా స్పందించగలిగిన వయసులోనే, దానికి ఆదేశాలిచ్చే నాడీకణాలు నీరసపడుతున్నాయి. కంటికి బాగా కనబడిన కణమే పనిలో ముందు వెనకబడింది. ఈ ప్రయోగంలోని ఇంకో భాగం మనవాళ్లకు ఆసక్తి కలిగిస్తుంది. నాడుల నుంచి కండరానికి సంకేతాన్ని పెంచే ఒక పదార్థాన్ని ఇచ్చినప్పుడు ముసలి పురుగుల కదలిక మెరుగైంది. ఆ పదార్థం అరెకోలిన్, మన తాంబూలంలో వేసుకునే వక్కలో ఉండేదే. అలాగని ఎవరూ వక్క నమలడం పెంచవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. వక్క మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ప్రయోగం అర్థం వేరు. ముసలి నాడీకణం చచ్చిపోయి ఉంటే ఏ మందు ఇచ్చినా కదలిక తిరిగి రాదు. వచ్చిందంటే ఆ మార్గం ఇంకా మూసుకుపోలేదు.

కణం తన ఆరోగ్యాన్ని ఎలా కాపాడుకుంటుందన్న దాని మీద 2017లో డ్రిస్కాల్ బృందమే ఎవరూ ఊహించని సంగతి ఒకటి బయటపెట్టింది. నాడీకణంలో ప్రోటీన్లు వంకర తిరిగి ఉండలు కడతాయి, మైటోకాండ్రియాలు పాడవుతాయి. కణం ఖర్చుపెట్టే శక్తిని ఏటీపీ రూపంలో తయారుచేసేవి ఈ మైటోకాండ్రియాలే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1929లో కండరంలో గుర్తించిన పదార్థమే ఏటీపీ. సంగతికి వస్తే, ఇలా చెడిపోయిన సామగ్రిని కణం లోపలే అరిగించుకుంటుందని అందరికీ తెలుసు. కానీ పురుగు స్పర్శ కణం ఒక్కోసారి ఆ సరుకంతా, ఇల్లాలు చెత్త మూటగట్టి గడప బయట పెట్టినట్టు, పెద్ద బుడగలో పెట్టి తనలోంచి బయటికి నెట్టేస్తోంది. పక్కనున్న చర్మకణం దాన్ని తీసుకుని జీర్ణం చేసే ప్రయత్నం చేస్తుంది. ఆ బుడగకు ఎక్సోఫర్ అని పేరు పెట్టారు. కణదేహానికి ఇంచుమించు సాటివచ్చే పరిమాణం దానిది. ప్రోటీన్ల ఒత్తిడిలో ఉన్న కణాల్లో, ఇలా బయటికి నెట్టినవే నెట్టలేనివాటికన్నా స్పర్శను బాగా గుర్తుపట్టాయి. 2020లో ఎలుక గుండె కణాల్లోనూ ఇలాంటి బుడగలు కనబడ్డాయి.

ఉండలు కట్టే ప్రోటీన్ల గురించి రిచర్డ్ మోరిమోటో ప్రయోగశాల చేసిన పని ఇక్కడ చెప్పి తీరాలి. ఒంట్లో ప్రోటీన్లు వేడికీ ఒత్తిడికీ వంకర తిరిగితే వాటిని సరిదిద్దే సహాయక ప్రోటీన్లు ప్రతి కణంలో ఉంటాయి. 2015లో వాళ్లు చూపించినది ఏమిటంటే, పురుగు గుడ్లు పెట్టే వయసుకు వచ్చిన కొద్ది గంటల్లోనే ఆ సహాయక ప్రోటీన్లను గబగబా తయారుచేసే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. ఇంకా యౌవనం మొదటి రోజే. శరీరం సంతానం వైపు మొగ్గగానే తన మరమ్మతును తగ్గించుకుంటోంది. ముసలితనం ముసలి వయసులో మొదలవుతుందన్న అభిప్రాయాన్ని మనం మార్చుకోవాలి.

ఆయుష్షు సంగతికి వద్దాం. 1993లో సింథియా కెన్యన్ డాఫ్-2 అనే ఒక్క జన్యువును మార్చి పురుగు ఆయుష్షును రెట్టింపుకు మించి చేసింది. 1997లో గ్యారీ రవ్‌కున్ ప్రయోగశాల ఆ జన్యువును చదివితే, అది మన ఇన్సులిన్ గ్రాహకానికి సోదరి లాంటిదని తేలింది. అప్పటి నుంచి పత్రికల్లో అమరత్వం గురించిన శీర్షికలకు లోటు లేదు. నాకు మాత్రం ఇంకో ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. ఎక్కువ రోజులు బతికిన ఆ పురుగు మెదడు కూడా ఎక్కువ రోజులు బాగుంటుందా?

పురుగుకు జ్ఞాపకమేమిటని పిల్లలు అడుగుతారు. ఉంటుంది. ఆకలిగా ఉన్న పురుగుకు తిండితో పాటు బ్యూటనోన్ అనే వాసనను జతచేసి చూపిస్తే, తర్వాత తిండి లేకపోయినా ఆ వాసన వైపే పాకుతుంది. ఒక్కసారి నేర్పితే కొద్ది గంటల్లో మరిచిపోతుంది. మధ్యమధ్య విరామాలిస్తూ ఏడుసార్లు నేర్పితే మర్నాటి దాకా గుర్తుంటుంది. ప్రిన్స్‌టన్‌లో కొలీన్ మర్ఫీ బృందం 2010లో దీన్ని వయసు వారీగా చూసింది. వయసుతో ముందు పోయేది దీర్ఘకాల జ్ఞాపకం, ఆ తర్వాత నేర్చుకునే శక్తి. వాసన పసిగట్టడం, కదలిక ఇంకా బాగున్న వయసులోనే జ్ఞాపకం పోతోంది. మనిషిలో వరుస కూడా దీనికి దగ్గరగా ఉండటం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. ఇప్పుడు డాఫ్-2 పురుగులను చూడండి. అవి చిన్నవయసులో మిగతావాటికన్నా బాగా గుర్తుంచుకున్నాయి, పెద్దయ్యాక కూడా బాగా నేర్చుకోగలిగాయి, కానీ దీర్ఘకాల జ్ఞాపకం మాత్రం వాటిలో ఎక్కువ రోజులు నిలవలేదు. తిండి తక్కువ తినే ఇంకో రకం పురుగులు కూడా దీర్ఘాయుష్షు గలవే. వాటికి చిన్నప్పుడే జ్ఞాపకం తక్కువ, అయితే ఉన్న ఆ కొంచెం చాలా రోజులు నిలిచింది. ఆయుష్షును పెంచే దారులు రెండు ఉంటే, జ్ఞాపకం మీద వాటి ప్రభావం రెండు రకాలుగా ఉంది. ఆయుష్షు పెంచే మందు దొరికితే మతిమరుపు దానంతటదే పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

పండ్ల ఈగ దగ్గర కొంచెంసేపే ఆగుతాను, ఎందుకంటే దాని కథ ఒక్కటే ఇంకో ఉపన్యాసం అవుతుంది. ఈగ సుమారు రెండు నెలలు బతుకుతుంది. 2024లో పూర్తయిన పటం ప్రకారం దాని మెదడులో 1,39,255 నాడీకణాలున్నాయి. మన దేశంలో ఈగ నాడీశాస్త్రానికి పునాది వేసినవాడు ముంబయి టాటా సంస్థలో పనిచేసిన ఒబైద్ సిద్దిఖీ. అమెరికాలో సీమోర్ బెంజర్‌తో కలిసి, వేడి తగలగానే పక్షవాతం వచ్చే ఈగలను వెలికితీసినవాడు. రోగాల విషయంలో ఈగ చాలా నేర్పింది. 2000లో ఫీనీ, బెండర్ మనిషి పార్కిన్సన్స్ రోగానికి కారణమైన ప్రోటీన్‌ను ఈగలో తయారయ్యేలా చేస్తే, వయసు పెరిగేకొద్దీ డోపమైన్ అనే సంకేత రసాయనాన్ని తయారుచేసే దాని కణాలు తగ్గాయి, గాజు గొట్టంలో పైకెక్కే శక్తి పోయింది.

ఈగ నుంచి మనిషికి తొందరపడి దూకితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. స్పెర్మిడిన్ మన శరీరంలోనూ, గోధుమ మొలకలోనూ ఉండే పదార్థం. 2013లో బెర్లిన్, గ్రాజ్ పరిశోధకులు దాన్ని తినిపిస్తే ఈగల్లో వయసుతో వచ్చే మతిమరుపు తగ్గింది. ప్రయోగం పద్ధతిగా జరిగింది, ఫలితం స్పష్టంగా ఉంది. దాని ఆధారంగా బెర్లిన్‌లోనే, మరుపు వస్తోందని చెప్పిన 100 మంది పెద్దవాళ్ల మీద ఏడాదిపాటు పరీక్ష చేశారు. సగంమందికి స్పెర్మిడిన్ ఉన్న గోధుమ మొలక సారం, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర. 2022లో ఫలితం వచ్చింది: జ్ఞాపకంలో తేడా లేదు. మోతాదు చాలలేదేమో, కాలం చాలలేదేమో, ఈగలో పనిచేసిన మార్గం మనలో ఇంకేదో తోడు కోరుతుందేమో. ఆ ఫలితాన్ని దాచకుండా అచ్చువేసినవాళ్లను నేను గౌరవిస్తాను. ఈగ ప్రయోగం దానివల్ల అబద్ధమైపోలేదు. ఈగలో సినాప్స్‌లు ఎలా ముసలవుతాయన్నది అది చెప్పింది, అది నిజమే. మనిషికి మందు అని అది ఎప్పుడూ చెప్పలేదు, తయారుచేసి అమ్మేవాళ్లు చెప్పారు. ఈ మాత్రలు మన ఊళ్లలో కూడా ఇవాళ కొనుక్కోవచ్చు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పురుగులోనూ ఈగలోనూ లేనివి చాలా ఉన్నాయి. మన నాడీతంతువుల చుట్టూ చుట్టుకునే మైలిన్ తొడుగు వాటికి లేదు. మెదడులోకి రక్తాన్ని మోసే నాళాలు లేవు. కాబట్టి రక్తపోటు, మధుమేహం వల్ల నాళాలు పాడై మెదడు దెబ్బతినే సంగతి, మన రాష్ట్రాల్లో ఇళ్లిళ్లా కనబడే సంగతి, వాటిలో చూడలేం. కొద్ది వారాల జీవితంలో జరిగేదీ ఎనభై ఏళ్లలో జరిగేదీ ఒకటే అనుకోలేం. ఇవన్నీ ఒప్పుకుంటూనే, బతికున్న ఒకే కణాన్ని ఆద్యంతం చూడగలగడం అన్న ఒక్క లాభం వీటన్నిటికన్నా విలువైనదని నా నమ్మకం.

ఎందుకో తెలియాలంటే ఇటీవల వచ్చిన ఫలితాలు చూడండి. 2021లో జూరిక్‌లో ఒక బృందం డాఫ్-2 గ్రాహకాన్ని పురుగు పుట్టుక నుంచి కాకుండా, తోటి పురుగులు చాలావరకు చనిపోయేంత ముసలి వయసులో తొలగించింది. అప్పుడు కూడా మిగిలిన ఆయుష్షు పెరిగింది. 2023లో మర్ఫీ బృందం, జ్ఞాపకం పోయిన ముసలి పురుగుల నాడీకణాల్లో ఒక సంకేత ప్రోటీన్‌ను చివరి వయసులో మేల్కొలిపితే, అవి మళ్లీ గుర్తుంచుకోగలిగాయి. ముసలి ఎలుకల హిప్పోకాంపస్‌లో అలాంటి మార్పే చేస్తే వాటి జ్ఞాపకం కూడా మెరుగైంది. ఈత కొట్టించిన పురుగులు నేర్చుకోవడంలో మెరుగయ్యాయని 2019లో అమెరికాలో, తెగిన నాడీతంతువు మళ్లీ పెరిగి పనిలో పడటానికి ఈత తోడ్పడుతుందని 2021లో మన దేశంలోనే, హర్యానాలోని మానేసర్ జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో చూపించారు. కణం చచ్చిపోయి ఉంటే వీటిలో ఏదీ సాధ్యం కాదు.

ఈ పని మనకు దూరమని అనుకోకండి. ఈ కళాశాల లాంటి చోటే దాన్ని మొదలుపెట్టవచ్చు. జంతుశాస్త్ర శాఖవారికి నా విన్నపం ఇది. పండ్ల ఈగల సంతతి ఒకటి చాలా డిగ్రీ ప్రయోగశాలల్లో జన్యుశాస్త్రం పాఠం కోసం ఉంటుంది. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్ట్, అగర్ కలిపి వండిన మేత వాటికి చాలు. ఒకే రోజు పుట్టిన ఈగలను ఆడవీ మగవీ వేరుచేసి, ఇరవై చొప్పున సీసాల్లో పెట్టండి. మూడు రోజులకోసారి కొత్త మేతలోకి మార్చండి. ఎండాకాలంలో గది వేడెక్కితే ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి వాటిని 25 డిగ్రీల పెట్టెలో ఉంచండి, రోజూ ఉష్ణోగ్రత రాసుకోండి. వారానికోసారి గాజు గొట్టంలో వేసి అడుగుకు తట్టండి. ఎనిమిది సెంటీమీటర్ల గీతను పది సెకన్లలో దాటినవి ఎన్నో లెక్కపెట్టండి. గొట్టం మీద వయసు రాయకుండా, లెక్కపెట్టేవాళ్లకు ఏ సీసా ఏదో తెలియకుండా ఇంకొకరు అందించాలి. ఒక ఏడాది పిల్లలు మొదలుపెట్టిన లెక్కను తర్వాతి ఏడాది పిల్లలు కొనసాగిస్తే, రెండు మూడేళ్లలో ఈ ప్రాంతపు ఈగలు ఏ వయసులో ఎక్కడం మానుతాయో, వేసవి సంతతికీ చలికాలపు సంతతికీ తేడా ఉందో లేదో మీ చేతిలో సొంత లెక్కలుంటాయి. మొదటి మూడు నెలల లెక్కలు రాగానే నాకు పంపండి. నేనే వచ్చి పిల్లలతో కూర్చుని వాటిని చూస్తాను.